దెయ్యం ఎన్ని హెర్ట్జ్?

ముగ్గురు కుర్రాళ్ళు. ఒకడు కాస్త బొద్దుగా ఉంటాడు గానీ బుర్ర పాదరసం. పేరు జూపిటర్ జోన్స్. రెండోవాడు పీట్. ఆటగాడు, కండ ఉన్నవాడు, అయినా దెయ్యం పేరెత్తితే మొదట వెనక్కి తిరిగేది వాడే. మూడోవాడు బాబ్. లైబ్రరీలో చిన్న ఉద్యోగం, ఏ వివరం కావాలన్నా పాత పేపర్లు తిరగేసి పట్టుకొస్తాడు. కాలిఫోర్నియాలో సముద్రం పక్క ఊరు. అక్కడ జూపిటర్ బాబాయికి పాతసామాన్ల యార్డు ఉంది. ఆ తుక్కు గుట్టల వెనకాల, ఎవరి కంటా పడకుండా కప్పెట్టేసిన ఓ డొక్కు ట్రెయిలరే వీళ్ళ డిటెక్టివ్ ఆఫీసు. విజిటింగ్ కార్డులు కూడా అచ్చేయించుకున్నారు, మూడు ప్రశ్నార్థకాలతో సహా!

ఇదంతా 1964లో రాబర్ట్ ఆర్థర్ రాసిన ‘ది సీక్రెట్ ఆఫ్ టెర్రర్ కాజిల్’ అనే పిల్లల నవల. అట్ట మీద సినిమా దర్శకుడు హిచ్‌కాక్ పేరుండేది గానీ అది పేరు వాడుకోవడమే, రాసింది ఆయన కాదు. మా ఈడువాళ్ళకి డిటెక్టివ్ అంటే కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. అద్దెకు తెచ్చుకున్న పుస్తకం రేపటికి తిరిగివ్వాలి కాబట్టి రాత్రికి రాత్రే చదివేసేవాళ్ళం. అవి పెద్దవాళ్ళ కేసులు. హత్యలూ, నోట్లకట్టలూ, సిగరెట్టు పీకలూ. ఈ కుర్రాళ్ళ కేసులో శవం లేదు, దొంగా లేడు. ఒక కోట ఉంది, అందులోకి వెళ్ళినవాళ్ళు పరుగెత్తుకుంటూ బయటికొస్తున్నారు. అంతే.

ఆ కోట కట్టించింది మూకీ సినిమాల కాలపు నటుడు, స్టీఫెన్ టెర్రిల్. భయానక వేషాలకి పెట్టింది పేరు. టాకీలు వచ్చాక పాపం ఆ ముఖానికీ ఆ గొంతుకీ పొంతన లేదని జనం నవ్వారు. ఆయన కారు కొండ మీంచి పడిపోయింది. అప్పటినుంచీ కోట పాడుబడి ఉంది. ఒక్క రాత్రి కూడా ఎవరూ అందులో పడుకోలేకపోయారు. సినిమా కోసం నిజం దెయ్యాల కొంప కావాలని హిచ్‌కాక్ వెతుకుతున్నాడని విని, మేం పట్టిస్తామని మనవాళ్ళు బయల్దేరతారు.

లోపల ఏమవుతుందో రచయిత బాగా రాశాడు. దెయ్యం దబ్బున మీద పడదు. మొదట ఒంట్లో ఏదో నలత. తర్వాత కంగారు. తర్వాత కారణం లేని గుబులు. ఆఖరికి కాళ్ళు వాటంతటవే పరుగు లంకించుకుంటాయి. అందరూ అక్కడితో ఆగిపోయి ‘దెయ్యం ఉంది’ అనో ‘అంతా మన భ్రమ’ అనో తేల్చేస్తారు. జూపిటర్ మాత్రం ఆ భయాన్ని కూడా వేలిముద్ర లాంటి ఆధారంగానే చూస్తాడు. భయం వేసిందన్నది నిజం, దాన్ని పుట్టించిందేమిటి? ఎక్కడినుంచి వస్తోంది? కోటలో ఓ పాత పైప్ ఆర్గన్ ఉంటుంది. గాలి ఊది పెద్ద పెద్ద గొట్టాల్ని మోగించే వాయిద్యం అది, చర్చిల్లో ఉంటుంది. దాని అట్టడుగు స్వరాలు చెవికి వినిపించవు, కానీ ఒంటికి తెలుస్తాయి. ఆ అదురే మనిషిలో గుబులు పుట్టిస్తోందని మనవాడు తేలుస్తాడు. ఆర్గన్ ఎవరు వాయించారో, ఎందుకు వాయించారో నేను చెప్పను. చదువుకోండి.

“ఇదంతా కథే కదా తాతయ్యా, నిజంగా అలా జరుగుతుందా?” అంటారు మీరు. అనాలి కూడా.

రాబర్ట్ విలియమ్స్ వుడ్ అని అమెరికాలో ఓ భౌతికశాస్త్రవేత్త ఉండేవాడు, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. ఆయన జీవితచరిత్ర 1941లో వచ్చింది. అందులో ఓ ముచ్చట ఉంది. లండన్ లిరిక్ థియేటర్లో ‘బర్క్‌లీ స్క్వేర్’ అనే నాటకం వేస్తున్నారు. ఒక చోట కథ ఉన్నట్టుండి పద్దెనిమిదో శతాబ్దంలోకి వెళ్ళిపోతుంది. ఆ క్షణంలో ప్రేక్షకులకి ఒళ్ళు జలదరించాలి. ఎలా? చెవికి అందనంత లోతు స్వరం పలికే పెద్ద ఆర్గన్ గొట్టం పెట్టండి అన్నాడు వుడ్. రిహార్సల్లో పెట్టి మోగించారు. షాండ్లియర్ గాజులు గలగలలాడాయి, కిటికీలు టకటకమన్నాయి, భవనమంతా అదిరి, ఆ బెదురు బయట వీధి దాకా పాకిందట. నిర్మాత ఆ గొట్టాన్ని అప్పటికప్పుడే పీకించేశాడు. జీవితచరిత్రలు రాసేవాళ్ళు కాస్త మసాలా దట్టిస్తారు కాబట్టి ఆ వీధి సంగతి నేను పూర్తిగా నమ్మను. కానీ టెర్రర్ కాజిల్‌కి ఇరవై మూడేళ్ళ ముందే ఈ ఆలోచన అచ్చులో ఉందన్నది గమనించండి.

వుడ్ మామూలువాడు కాదు, ఆయనా ఓ డిటెక్టివే. 1903లో ఫ్రాన్సులో బ్లాండ్‌లో అనే పేరున్న శాస్త్రవేత్త ‘ఎన్ కిరణాలు’ కనిపెట్టానన్నాడు. అవి కొందరికే కనపడేవి. మరుసటేడు వుడ్ వెళ్ళి ఆ ప్రయోగశాలలో కూర్చున్నాడు. చీకటి గది. బ్లాండ్‌లో కొలతలు చదువుతున్నాడు. వుడ్ చప్పుడు చెయ్యకుండా పరికరంలోంచి పట్టకాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. అది లేకపోతే ఆ కొలతలకి అర్థమే లేదు. అయినా అవతల కొలతలు అవే అంకెలతో వస్తూనే ఉన్నాయి! ఎన్ కిరణాల కథ అక్కడితో సరి.

ఇప్పుడు శబ్దం సంగతి. గాలి సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ కంపిస్తే అన్ని హెర్ట్జ్. మన చెవికి సుమారు 20 నుంచి 20,000 దాకా అందుతాయి. 20కి కింద ఉన్నవాటిని మీ పాఠ్యపుస్తకంలో పరశ్రావ్యాలు అంటారు. గొట్టం ఎంత పొడుగైతే స్వరం అంత లోతు. 32 అడుగుల ఆర్గన్ గొట్టం సుమారు 16 హెర్ట్జ్ పలుకుతుంది. 1890 నాటి సిడ్నీ టౌన్ హాల్ ఆర్గన్‌లో 64 అడుగుల వరసే ఉంది, దాని అడుగు స్వరం 8 హెర్ట్జ్ దగ్గర. దాన్ని వినడం అనేది ఉండదు. కుర్చీ అదురుతుంది, పొట్టలో తెలుస్తుంది.

ఆర్గన్ గొట్టం పక్కన నిలబడ్డ జ్ఞాపకం ఒకావిడకి ఎంత పనికొచ్చిందో చూడండి. కేటీ పేన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తిమింగలాల పాటల మీద పనిచేసింది. 1984లో పోర్ట్‌లాండ్ జూలో ఏనుగుల దగ్గర కూర్చుంటే గాలిలో ఏదో దడదడ తగిలింది, శబ్దం మాత్రం లేదు. తర్వాత ఆవిడకి గుర్తొచ్చింది. చిన్నప్పుడు చర్చి బృందంలో పాడుతూ ఆర్గన్ పెద్ద గొట్టాల పక్కన నిలబడితే ఇలాగే తగిలేది. రికార్డు చేసి టేపు వేగం పెంచి వింటే ఏనుగులు మాట్లాడుకుంటున్నాయి! ఆ స్వరాలు 14 నుంచి 24 హెర్ట్జ్ మధ్య. అవి ఆసియా ఏనుగులే, అంటే మన గుళ్ళల్లో కనపడే జాతే. ఆవిడ స్థానంలో ఇంకొకరుంటే ‘ఆ బోను దగ్గర గాలి సోకింది’ అని దిష్టి తీయించుకునేవారేమో.

ఇక అసలు కేసుకి వద్దాం. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజనీరు, వైద్య పరికరాలు తయారుచేసే ఓ సంస్థ ప్రయోగశాలలో పనిచేసేవాడు. 1980ల మొదట్లో మాట. ప్రయోగశాలంటే గొప్పగా ఊహించుకోకండి. రెండు గ్యారేజీలు కలిపేస్తే ఏర్పడిన పొడుగాటి గది, సుమారు 30 అడుగులు. అక్కడ దెయ్యం ఉందని పుకారు. ఊడ్చే మనిషి ఒకరోజు బెదిరిపోయి బయటికొచ్చేసింది. టాండీ నవ్వి ఊరుకున్నాడు. ఓ రాత్రి ఒక్కడే కూర్చుని రాసుకుంటున్నాడు. చలి పుట్టింది. అయినా చెమట పట్టింది. ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. ఎడమ కంటి కొసన బూడిదరంగు ఆకారం ఒకటి మెల్లగా తేలింది. గుండె చిక్కబట్టుకుని తల తిప్పి చూస్తే లేదు. ఆయన శుభ్రంగా ఇంటికి వెళ్ళిపోయాడు. నేనైనా అదే చేస్తాను.

మర్నాడు ఆయనకి కత్తిసాము పోటీ ఉంది, ఫెన్సింగ్ అంటారే అది. కత్తి పిడి బిగించే చోట మర తియ్యాలి. ప్రయోగశాలకి తెచ్చి బల్ల మీది వైస్‌లో కత్తిని బిగించి, నూనె కోసం పక్కకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఎవరూ ముట్టుకోకుండానే ఆ సన్నటి కత్తి అలుగు పైకీ కిందికీ టపటపా ఊగుతోంది. రాత్రి ఆకారం, పొద్దున్న ఇది. మీరైతే ఏం చేస్తారు?

ఆయన వైస్‌ని నేల మీద పెట్టి, గది పొడుగునా కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోయాడు. కత్తి ఊగుడు పెరిగింది, గది నడిమధ్యకి వచ్చేసరికి జోరందుకుంది, అవతలి గోడ దగ్గరకి వెళ్ళేసరికి ఆగిపోయింది. నాకు ఈ కేసులో అన్నిటికన్నా నచ్చింది ఈ జరపడమే. దెయ్యానికి చిరునామా ఉంది! గది మధ్యలో బలం, చివర్లలో సున్నా. ఇలా ఉండేది అలలే. గదిలో ఏదో శబ్దం ఒక గోడ నుంచి ఇంకో గోడకి కొట్టుకుని, వెనక్కొచ్చి, తన మీద తనే కలిసి ఉన్నచోటే ఊగే అలలా నిలిచిపోయింది. గది పొడుగు అందులో సగం అలకి సరిపోయింది.

కాగితం తీసుకోండి. గది 30 అడుగులు, అది సగం అల, పూర్తి అల 60 అడుగులు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 1139 అడుగులు పోతుంది. 1139ని 60తో భాగించండి. 18.98. అంటే ఇంచుమించు 19 హెర్ట్జ్, చెవి గడప కింద. ఉయ్యాల ఊగే తీరుకి సరిగ్గా కలిసేటట్టు తోస్తే చిన్నపిల్లాడి చెయ్యైనా పెద్దవాణ్ణి ఆకాశానికెత్తుతుంది కదా, కత్తి సొంత ఊపుకీ ఆ అల ఊపుకీ అలా కుదిరింది. మరి ఆ శబ్దం చేస్తున్నదెవరు? విచారిస్తే గది చివర కొత్తగా ఓ ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించారని తేలింది. దాని బిగింపు మార్చారు. కత్తీ ఊగడం మానేసింది, గదిలో ఉన్నవాళ్ళ గుబులూ పోయింది. టాండీ ఈ సంగతంతా 1998లో టోనీ లారెన్స్‌తో కలిసి ప్రచురించాడు.

బూడిదరంగు ఆకారం మాటేమిటంటారా? కనుగుడ్డు 18 హెర్ట్జ్ దగ్గర అదురుతుందని నాసా నివేదికల్లో ఉంది, ఆ అదురుకి చూపు కొసన మసక ఏర్పడి ఉంటుందని ఆయన ఊహ. ఇక్కడ నా మాట ఒకటి కలుపుతాను. మన కంటిలో రంగు చూసే కణాలు మధ్యలో గుంపుగా ఉంటాయి. అంచుల్లో ఎక్కువగా ఉండేవి మసకవెలుతురులో పనిచేసేవి, వాటికి రంగులు తెలియవు. అందుకే కంటి కొసన చీకట్లో ఏం కదిలినా బూడిదరంగే. లోకంలో ఏ దేశం దెయ్యం కూడా ముదురు ఆకుపచ్చ చీర కట్టుకుని తిరిగినట్టు నేను వినలేదు.

మళ్ళీ 2000లో టాండీ ఇంగ్లండులోనే కోవెంట్రీ ఊళ్ళో పర్యాటక కార్యాలయం కింద ఉన్న 14వ శతాబ్దపు నేలమాళిగలో కొలిచి చూశాడు. అక్కడా సందర్శకులు జడుసుకునేవాళ్ళు. అక్కడా దాదాపు అదే 19 హెర్ట్జ్. ఇంకేముంది, పత్రికలన్నీ ‘దెయ్యం దొరికింది, దాని పేరు పరశ్రావ్యం’ అని రాసేశాయి. ఇంత చక్కటి కథకి చప్పట్లు కొట్టి లేచిపోవచ్చు.

లేవకండి. జూపిటర్ జోన్స్ అయితే లేవడు. ఫ్యాను బిగింపు మారిస్తే గుబులు పోయిందన్నది ఒక్క గది కథ. అది ఫ్యాను వల్లే పోయిందా, ‘ఫ్యానే కారణం’ అని తెలిసిపోవడం వల్ల పోయిందా? తేల్చాలంటే ఎవరికీ చెప్పకుండా ఆ శబ్దాన్ని వేసీ, ఆపీ చూడాలి.

అదే చేశారు. 2003 మే 31న లండన్ పర్సెల్ రూమ్‌లో రెండు కచేరీలు పెట్టారు. శ్రోతలు సుమారు 700 మంది. హాలు వెనక 7 మీటర్ల మురుగునీటి గొట్టం, దానికి పెద్ద స్పీకరు. కొన్ని పాటల్లో 17 హెర్ట్జ్ శబ్దాన్ని కలిపారు, ఎప్పుడు కలిపారో శ్రోతలకి చెప్పలేదు. అది ఉన్నప్పుడు ‘ఏదోలా ఉంది, దిగులుగా ఉంది, చలిగా ఉంది, గుండె మీద బరువు’ లాంటి మాటలు సగటున 22 శాతం ఎక్కువగా వచ్చాయి. ఒక ఓటు జూపిటర్‌కి.

తర్వాత క్రిస్ ఫ్రెంచ్ అనే మనస్తత్వశాస్త్రవేత్త బృందం ఏకంగా ఓ దెయ్యాలగదినే కట్టింది. లండన్లో ఓ ఇంట్లో తెల్లటి గుండ్రటి గది, లోపల మసక వెలుతురు, చల్లగా, ఖాళీగా. 79 మందిని ఒక్కొక్కరినీ 50 నిమిషాల చొప్పున అందులో తిరగమన్నారు. కొందరికి 18.9, 22.3 హెర్ట్జ్ లోతు శబ్దాలు వేశారు, కొందరికి అయస్కాంత క్షేత్రాలు, కొందరికి రెండూ, కొందరికి ఏమీ లేదు. ఏదైనా వింతగా అనిపించొచ్చని మాత్రం అందరికీ ముందే చెప్పారు. 2009లో ఫలితం ప్రచురించారు. చాలామందికి వింతగానే అనిపించింది. తల తిరిగింది, ఎవరో ఉన్నట్టు తోచింది. కానీ శబ్దం వేసినవాళ్ళకీ, ఏమీ వెయ్యనివాళ్ళకీ తేడా లేదు! ‘అనిపించొచ్చు’ అన్న ఒక్క ముక్కే సరిపోయిందన్నమాట.

కాబట్టి నా లెక్క ఇది. కత్తిని ఊపింది ఫ్యానే, అందులో అనుమానం లేదు, బిగింపు మార్చి చూపించారు. మనిషి గుబులు మాత్రం ఇంకా తేలని కేసు. ఆర్గన్ మోగిస్తే వీధివీధంతా పారిపోతుందన్నది నవలకి సరిపోతుంది, ప్రయోగశాలకి సరిపోదు. దెయ్యాన్ని నమ్మినంత తేలిగ్గా మనం పరశ్రావ్యాన్నీ నమ్మేస్తాం. పేరు మారింది, అంతే. పైగా ఇది సైన్సు మాట కూడానూ, ఇంకా గౌరవంగా నమ్ముతాం.

నిజం కోటలకి కూడా ఓసారి వెళ్ళొద్దాం. లండన్ దగ్గర హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో ఓ వసారా ఉంది. ఎనిమిదో హెన్రీ అయిదో భార్య కేథరిన్ హొవార్డ్ కాపలావాళ్ళని తప్పించుకుని, ప్రార్థనలో ఉన్న రాజు దగ్గరకి కేకలు వేస్తూ అక్కడే పరుగెత్తిందని చెబుతారు. 1542 ఫిబ్రవరి 13న ఆమె తల నరికించారు. మన కాలంలో రిచర్డ్ వైజ్మన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త బృందం వందలమంది సందర్శకుల చేతికి నేలపటం ఇచ్చి, ఎక్కడ ఏమనిపిస్తే అక్కడ గుర్తు పెట్టమంది. గుర్తులన్నీ కొన్ని చోట్లే గుంపుపడ్డాయి, కథ తెలియనివాళ్ళవి కూడా. ఆ వసారాలో చలి కొట్టే చోట్లు వెతికితే కొన్నిటి వెనక పాతకాలపు రహస్య తలుపులు, వాటి సందుల్లోంచి ఈదురుగాలి. భవనాలకి ఇలాంటి తెలివితేటలు చాలా ఉంటాయి. మన గోల్కొండ కోటలో ప్రవేశద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిసార్ దాకా వినపడుతుంది కదా. గైడు కొట్టాడు కాబట్టి మనం మెచ్చుకున్నాం. చెప్పకుండా ఓ అర్ధరాత్రి ఎవరైనా కొడితే పైన ఉన్నవాడి గతి?

ఇంకొక్క కేసు చెప్పి వదిలేస్తాను. ఇందులో కోట లేదు గానీ నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. 1912లో అమెరికాలో ఓ కుటుంబం పాత ఇంట్లోకి మారింది. కొద్దిరోజుల్లోనే ఇంట్లో అందరికీ తలనొప్పులు, నీరసం. పిల్లలు పాలిపోయారు. రాత్రిళ్ళు మేడ మీద అడుగుల చప్పుడు, సామాన్లు జరిపిన చప్పుడు. మంచం పక్కన మనుషులు నిలబడి కనిపించారు. విల్మర్ అనే కంటి డాక్టరు ఈ కథని 1921లో వైద్యపత్రికలో ప్రచురించాడు. భూతవైద్యుణ్ణి పిలవలేదు వాళ్ళు, ఇల్లు వెచ్చబెట్టే కొలిమిని చూపించారు. అది పాడైపోయి, పొగగొట్టం గుండా బయటికి పోవాల్సిన విషవాయువు ఇంట్లోకి వస్తోంది. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కన్నా 200 రెట్లు పైగా గట్టిగా రక్తంలోని హీమోగ్లోబిన్‌ని పట్టుకుని కూర్చుంటుంది. మెదడుకి ఊపిరాడకపోతే అది ఏమైనా చూస్తుంది, ఏమైనా వింటుంది. కొలిమి బాగుచేయించారు, దెయ్యాలు ఖాళీ చేశాయి.

మనకి ఇళ్ళు వెచ్చబెట్టే కొలిములు లేవు కదా అనకండి. స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉందిగా. చిన్న గది, తలుపు గడియ, చలికాలం, లోపల మంట. స్నానానికి వెళ్ళిన మనిషి ఎంతకీ రాకపోతే తలుపు పగలగొట్టి చూసిన వార్తలు ఏటా పేపర్లో పడుతూనే ఉన్నాయి. మీ ఇంట్లో వెంటిలేటరుకి చలిగాలి రాకుండా అట్టముక్క అడ్డం పెట్టి ఉంటే, రేపు మీ నాన్న స్నానానికి వెళ్ళేలోపు దాన్ని పీకి అవతల పారెయ్యండి. ఎవరు పీకారని అడిగితే నా పేరు చెప్పండి. గీజరుని బయట వసారాలో బిగించి, గొట్టం మాత్రం లోపలికి తీసుకురమ్మని ప్లంబరుకి నేను ఫోన్లో చెబుతాను.